భీమిలిలో రెన్నొవేట్ చేసిన 2 బీహెచ్‌కే, నాన్నగారికి తెగ నచ్చేసింది, తీసుకోవచ్చా?

సీతమ్మధార_అబ్బాయి

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్ట్, ఓపిక పట్టండి.

నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో 32 ఏళ్లు చేసి రిటైర్ అయ్యారు, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసినప్పట్నుంచి సీతమ్మధారలో మా దగ్గరే ఉంటున్నారు గానీ ఆయనకి ఇక్కడ అస్సలు తోచట్లేదు, పొద్దున్నే లేచి 900కే బస్సెక్కి భీమిలి వెళ్లిపోయి లైట్‌హౌస్ దగ్గర కూర్చుని మధ్యాహ్నం భోజనానికి వస్తారు, వారంలో నాలుగు రోజులు ఇదే పని. పోయిన నెల అలా వెళ్లినప్పుడే ఒక బ్రోకర్ పట్టుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో పొద్దున్నా రాత్రీ ఆ ఫ్లాట్ గొడవే.

ఫ్లాట్ సంగతి ఏంటంటే, బీచ్‌కి ఒక 300 మీటర్లు ఉంటుందేమో, స్టిల్ట్ పార్కింగ్ పైన నాలుగు ఫ్లోర్లు, 20 ఫ్లాట్లు, 2006లో కట్టిందట. మాది అనుకుంటున్నది రెండో ఫ్లోర్, 1050 ఎస్ఎఫ్‌టీ, యూడీఎస్ (అంటే బిల్డింగ్ స్థలంలో మన వాటా) 34 గజాలు, ఈస్ట్ ఫేసింగ్. ఓనర్ హైదరాబాద్‌లో ఉంటారు, రెండేళ్ల క్రితం కొని మొత్తం రెన్నొవేట్ చేయించారట. నిజం చెప్పాలంటే లోపల చాలా బాగుంది. కొత్త విట్రిఫైడ్ టైల్స్, మాడ్యులర్ కిచెన్, ఇల్లంతా ఫాల్స్ సీలింగ్, యూపీవీసీ కిటికీలు, బాత్రూముల్లో ఫిట్టింగ్స్ అన్నీ కొత్తవి. బాల్కనీలో నిలబడితే రెండు కొబ్బరి చెట్ల మధ్యలోంచి జానెడు సముద్రం కనపడుతుంది, ఆ జానెడుకే మా నాన్న పడిపోయారు.

48 లక్షలు చెప్తున్నారు. ఆదివారం లోపు లక్ష టోకెన్ ఇవ్వకపోతే వేరే పార్టీ రెడీగా ఉందంటున్నాడు బ్రోకర్. నేను సాఫ్ట్‌వేర్ వాడిని, గోడ కొట్టి చూస్తే ఏం తెలుస్తుందో కూడా తెలీదు. ఏమేం చూడాలి? రేటు ఎక్కువా? ఎవరైనా అటువైపు ఉండేవాళ్లు చెప్పండి ప్లీజ్.

బీచ్‌రోడ్_బుల్లెట్

బ్రో ఆలోచించకు, తీసేసుకో. భోగాపురం ఎయిర్‌పోర్ట్ పక్కనే, రేపొద్దున్న ఆ రూట్‌లో 48కి సింగిల్ బెడ్‌రూమ్ కూడా రాదు. మా ఫ్రెండ్ ఇలాగే రుషికొండలో ఆలోచిస్తూ కూర్చున్నాడు, ఇప్పుడు ఏడుస్తున్నాడు. రెడీ టు మూవ్, ఇంటీరియర్ ఖర్చు మిగిలింది నీకు, అదే ఎనిమిది పది లక్షలు.

మధురవాడ_మాస్టారు

ఎయిర్‌పోర్ట్ పేరు చెప్పి అమ్మిన స్థలాలన్నీ కలిపితే ఇంకో వైజాగ్ అవుతుంది. 2019లో ఒకసారి, 2023లో ఒకసారి రెండుసార్లు శంకుస్థాపన చేశారు దానికి, రెండుసార్లూ మావాళ్లు స్వీట్లు పంచారు. ఎయిర్‌పోర్ట్ వస్తే స్థలం రేటు పెరుగుతుంది బాబూ, పాత స్లాబ్ రేటు కాదు. మీకు వచ్చేది 34 గజాలు. లెక్క అక్కడ్నుంచి మొదలెట్టండి.

లాసన్స్‌బే_బాధితుడు

నా కథ చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది కదా, దాని తర్వాత బీచ్ పక్క ఫ్లాట్లు కొంచెం తగ్గాయి, నేను 2016లో ఒకటి కొన్నాను. అచ్చం మీరు చెప్పినట్టే ఉండేది, లప్పం పెట్టి రాయల్ పెయింట్ వేసి, ఫాల్స్ సీలింగ్‌లో వరసగా ఎల్‌ఈడీ లైట్లు. మా ఆవిడ గుమ్మంలోంచే ఓకే చెప్పేసింది. మూడేళ్లు బానే ఉంది. నాలుగో వర్షాకాలం రాత్రి పదకొండింటికి హాల్లో ఏదో పగిలినట్టు పెద్ద చప్పుడు, లేచి చూస్తే ఫాల్స్ సీలింగ్ షీట్ ఒకటి కిందకి వంగిపోయి ఉంది, దాని మీద సిమెంట్ పెచ్చు, మన టీవీ రిమోట్ కంటే పెద్దది. షీట్ లాగేసి పైకి లైట్ వేసి చూస్తే స్లాబ్ కింద ఊచలు బయటపడి, పొరలు పొరలుగా తుప్పు, వేలితో గీకితే అప్పడంలా రాలుతోంది. కొన్ని చోట్ల కొత్త సిమెంట్ మెత్తి ఉంది. అంటే అమ్మినాయనకి తెలుసు. తెలిసే దాని మీద సీలింగ్ కొట్టించాడు.

అడిగితే "మీరు చూసుకునే కొన్నారు కదండీ" అన్నాడు. అది కూడా కరెక్టే మరి.

అసలు దెబ్బ అక్కడ కాదు. నా ఇంటి కప్పు అంటే పై ఇంటివాళ్ల నేల. కాలమ్స్, బీములు అందరివీ. రిపేర్‌కి ఒక్కో ఫ్లాట్‌కి మూడు లక్షల పైన పడుతుందంటే అసోసియేషన్‌లో సగం మంది అద్దెకిచ్చుకుని అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారు, వాళ్లు ఫోన్ ఎత్తరు. రెండేళ్లు మీటింగులే అయ్యాయి, సమోసాలు తిని లేచిపోవడం. చివరికి నష్టానికి అమ్మేశాను, కొన్నాయనకి మాత్రం సీలింగ్ విప్పి చూపించే అమ్మాను. అందుకే నష్టం వచ్చింది లెండి.

స్లాబ్‌లెవెల్

నేను స్ట్రక్చరల్ సైడ్ పని చేస్తాను, వైజాగ్ నుంచి శ్రీకాకుళం దాకా ఇలాంటివి చాలా చూశాను. పైన అన్నయ్య చెప్పింది సముద్రం పక్కన రోజూ జరిగేదే.

ఉప్పు గాలిలో ఉండే క్లోరైడ్ మెల్లగా కాంక్రీట్‌లోకి దిగి ఊచ దాకా చేరుతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా ఉబ్బుతుంది, ఉబ్బి లోపల్నుంచి కాంక్రీట్‌ని చీలుస్తుంది, చీలికలోంచి ఇంకా ఉప్పు, ఇంకా చెమ్మ. దీన్ని ఆపేది ఊచ మీద ఉండే కాంక్రీట్ మందం, అదే కవర్. ఐఎస్ 456 అని కాంక్రీట్ పనులకి మన దేశంలో ఉన్న కోడ్, 2000లో వచ్చింది, తీరం గాలి నేరుగా తగిలే చోట 45 ఎంఎం కవర్, కనీసం ఎం30 బలం ఉన్న కాంక్రీట్ వాడమంటుంది. సైట్‌లో మేస్త్రీ ఏం చేస్తాడో మీకు తెలుసుగా, ఊచ కింద ఎత్తుకి పెట్టే దిమ్మ, కవర్ బ్లాక్, ఊరంతా ఒకటే, 20 ఎంఎం, అది కూడా అయిపోతే కంకర రాయి ముక్క. దానికి తోడు ఆ ఏరియాలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటే వాటితోనే కలిపి వాటితోనే క్యూరింగ్ చేసేస్తారు. ఊచలున్న కాంక్రీట్‌లో వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని అదే కోడ్‌లో ఉంది, ఎవడు టెస్ట్ చేయిస్తాడు. ఇలాంటి బిల్డింగ్‌కి ఉప్పు బయట్నుంచి రానక్కర్లేదు, పుట్టుకతోనే ఒంట్లో ఉంటుంది.

కాబట్టి మీరు వెళ్లినప్పుడు ఫ్లాట్‌లోకి వెళ్లకండి. సీరియస్‌గానే చెప్తున్నా. రెన్నొవేట్ చేసింది ఫ్లాట్‌ని, బిల్డింగ్‌ని కాదు. రంగు వెయ్యని చోట్లు చూడండి. ముందు పార్కింగ్‌లో నిలబడి కాలమ్స్ మూలలు చూడండి, నిలువుగా తిన్నగా గీత గీసినట్టు పగులు ఉంటే అది ప్లాస్టరింగ్ పగులు కాదు, దాని వెనకాలే ఊచ ఉంది, దాన్ని పట్టుకునే పగులు నడుస్తోంది. పక్కన టీ మరకలాంటి గోధుమరంగు కారి ఉంటే ఇక డౌట్ అక్కర్లేదు. తర్వాత టెర్రస్ ఎక్కి పిట్టగోడ, వాటర్ ట్యాంక్ కింద స్తంభాలు, లిఫ్ట్ రూమ్ కప్పు చూడండి. సముద్రం వైపు సన్‌షేడ్ల అడుగు భాగం ఎవరూ చూడరు, మొదట పోయేది అదే. చేతిలో ఐదు రూపాయల బిళ్ల పెట్టుకుని తట్టుకుంటూ వెళ్లండి, గట్టిగా ఉన్నచోట టక్ టక్ అంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వస్తుంది, ఒక పది నిమిషాలకి చెవికి అలవాటైపోతుంది.

ఫ్లాట్ లోపల మాత్రం ఒకే ఒక్క పని. ఫాల్స్ సీలింగ్‌లో ఒక లైట్ పీకి ఆ కన్నంలోంచి ఫోన్ కెమెరా పెట్టి వీడియో తీయండి, లేదా ఒక షీట్ విప్పించండి, బిగించే ఖర్చు మీరే ఇస్తానని చెప్పండి. కొత్తగా ప్యాచ్ వేసినట్టు కనపడితే ఎవరితో చేయించారు, ఏం వాడారు అడగండి. కరెక్ట్‌గా చేస్తే ఊచ చుట్టూ, వెనక వైపు కూడా కాంక్రీట్ చెక్కేసి, తుప్పు మొత్తం గీకి, జింక్ ప్రైమర్ కొట్టి, పాలిమర్ మోర్టార్‌తో పూడుస్తారు. ఊరికే సిమెంటూ ఇసుకా మెత్తితే ఇంకో గొడవ ఉంది, ప్యాచ్ కింద ఊచ బానే ఉంటుంది గానీ ప్యాచ్ అంచు పక్కన పాత ఉప్పు కాంక్రీట్‌లో ఉన్న ఊచని ముందుకంటే స్పీడ్‌గా తుప్పు తినేస్తుంది. అందుకే ఒకచోట మెత్తితే ఏడాదికి పక్కన ఊడుతుంది, జనం మేస్త్రీని తిడతారు.

ఇంకొకటి, ఎవరైనా వచ్చి కాంక్రీట్ మీద ఏదో ద్రావణం కొట్టి గులాబీ రంగు వచ్చింది సూపర్ అంటే అక్కడితో ఆగిపోకండి. అది ఫినాఫ్తలీన్, కార్బొనేషన్‌కి, అంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ వల్ల కాంక్రీట్ క్షారం పోయిందా అని చూసే టెస్ట్, క్లోరైడ్ సంగతి దానికి తెలీదు. గులాబీ రంగు వచ్చిన కాంక్రీట్‌లో కూడా ఊచ కుళ్లిపోయి ఉండొచ్చు. క్లోరైడ్‌కి పొడి తీసి ల్యాబ్‌కి పంపాలి, ఊచ తుప్పు పడుతోందా అని చూడ్డానికి హాఫ్ సెల్ పొటెన్షియల్ అని ఇంకో టెస్ట్ ఉంది. ఒక్క ఫ్లాట్ కోసం అంత అక్కర్లేదు, ముందు బిళ్లతో కొట్టి రండి.

చౌక్_కిరాణా_భీమిలి

బాబూ మాది బీమిలే, చౌక్ దగ్గర కొట్టు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం.

సముద్రం పక్కన ఉండడం ఏటంటే, సూడ్డానికి వచ్చినోళ్లకి ఒకలాగ ఉంటాది, ఉండేవోళ్లకి ఇంకోలాగ ఉంటాది. మా కొట్టు షట్టరు మూడేళ్లకోసారి మార్చాల. ఫ్రిజ్ వెనకాతల రేకు కన్నాలు పడిపోద్ది. ఏసీ బయట పెట్టిన డబ్బా ఉంటాది సూడండి, మా తమ్ముడిది ఐదేళ్లు రానేదు. ఉప్పు డబ్బాలో మూత తియ్యగానే ముద్దకట్టీసి ఉంటాది, అప్పడాలు ఎండబెట్టినా మెత్తగానే ఉంటాయి. మీ నాన్నగారు రోజూ వచ్చి మద్దాన్నానికి ఎల్లిపోతన్నారు గదా, అందుకే అంత బావుంది ఆయనకి. ఒకసారి ఎండాకాలం రాత్రి కరెంటు పోయినప్పుడు ఉండమనండి.

అయితే ఊరు మంచిదే. చేప పొద్దున్నే పడవ దిగినది దొరుకుద్ది, సాయంత్రం గోస్తనీ సముద్రంలో కలిసేకాడికి నడుచుకుంటూ ఎల్తే ఆ గాలికి ఆకలి ఏసీద్ది. డచ్చోళ్ల సమాధుల ఎనక వీధుల్లో పాత పెంకుటిళ్లు ఉన్నాయి, డంగుసున్నం గోడలు, వాటికి ఊచల్లేవు మరి, తుప్పు పట్టడానికి ఏటుంటాది. ఒక్క పెచ్చు ఊడనేదు. మొన్న కట్టినవేమో అప్పుడే కట్టు కట్టించుకుంటన్నాయి.

మీరు సెప్పిన అపార్ట్‌మెంట్ ఏదో నాకు తెలుసనుకుంటన్నాను, పేరు రాయను, బావుండదు. నీళ్ల సంగతి మాత్రం కచ్చితంగా అడగండి. బోరు నీళ్లు బట్టలకి కూడా పనికిరావు, ఎండాకాలం ట్యాంకరు తెప్పిస్తారు, ఆ డబ్బులు మెయింటెనెన్స్‌లో కలవవు. వాచ్‌మన్‌ని అడిగితే నిజం సెప్తాడు, బ్రోకర్ని పక్కన పెట్టుకుని అడక్కండి.

ఈసీ_తీసావా

పేపర్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్, 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఫ్లాట్ మీద ఒకటి, అసలు స్థలం సర్వే నంబర్ మీద ఒకటి, రెండూ తీయండి. రిజిస్ట్రేషన్ చెయ్యకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అప్రూవ్డ్ ప్లాన్ కాపీ అడగండి, ప్లాన్లు ఇచ్చే పట్టణాభివృద్ధి సంస్థ పేరు అప్పట్లో వుడా, ఇప్పుడు వీఎంఆర్‌డీఏ, ప్లాన్‌లో ఎన్ని ఫ్లోర్లు ఉన్నాయి, కట్టింది ఎన్ని అనేది వేళ్ల మీద లెక్కపెట్టండి. ఎక్కువ కట్టి బీపీఎస్ (జరిమానా కట్టించుకుని రెగ్యులరైజ్ చేసే స్కీమ్) కింద డబ్బు కట్టి ఉంటే ఆ ఆర్డర్ చూపించమనండి, "అప్లై చేశామండీ" అంటే చేసినట్టు కాదు. రిజిస్ట్రేషన్‌కి స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ 1.5, రిజిస్ట్రేషన్ ఫీ 1, మొత్తం 7.5 శాతం, 48 మీద మూడు లక్షల అరవై వేలు. ఇది కలుపుకుని బేరం ఆడండి.

మాస్టారు 34 గజాలు అన్నారు కదా, దానికింకో ముడి ఉంది. 300 మీటర్లు అంటున్నారు కాబట్టి సీఆర్‌జెడ్‌లో, అంటే కట్టడాల మీద ఆంక్షలుండే తీర ప్రాంత జోన్‌లో ఉండే ఛాన్స్ ఎక్కువ, పోటు నీళ్లు ఎక్కే గీత నుంచి 500 మీటర్ల దాకా దాని పరిధే. బిల్డింగ్ ఏదో ఒకరోజు కూల్చి మళ్లీ కట్టాలిగా, అప్పుడు రోడ్డుకి సముద్రం వైపు ఉందా ఇటు ఊరి వైపు ఉందా అనేదే అసలు ప్రశ్న. కట్టుకోనివ్వని చోట 34 గజాలున్నా 340 గజాలున్నా ఒకటే.

సీతమ్మధార_అబ్బాయి

అందరికీ చాలా చాలా థాంక్స్, నిన్న శనివారం నాన్నగారిని తీసుకుని వెళ్లొచ్చాను. బ్రోకర్‌కి పదకొండుకి వస్తామని చెప్పి ఎనిమిదిన్నరకే వెళ్లిపోయాం. స్లాబ్‌లెవెల్ గారు చెప్పినట్టు ఫ్లాట్‌లోకి వెళ్లలేదు.

పార్కింగ్‌లో 14 కాలమ్స్ ఉన్నాయి, నాలుగింటికి మూలల్లో మీరు చెప్పిన గీత పగుళ్లు. ఒకదానికి పగులు మీద సిమెంట్ పూసి వదిలేశారు, పూసిన దాని పక్కనే మళ్లీ కొత్త పగులు. నేను బిళ్లతో కొడుతుంటే మొదట నాన్న "ఏంట్రా ఆ పిల్లాటలు, ఎవరైనా చూస్తే నవ్వుతారు" అన్నారు. తర్వాత నాలుగో కాలమ్ దగ్గర ఆయనే నా చేతిలోంచి బిళ్ల లాక్కున్నారు. చెవి ఆనించి పైనుంచి కిందదాకా కొట్టుకుంటూ వచ్చి మోకాలి ఎత్తులో ఆగి, అక్కడే మళ్లీ మళ్లీ కొట్టారు. ఆ డొల్ల శబ్దం నాక్కూడా తెలిసింది. పెచ్చు అంచు కాస్త లేచి ఉంటే గోటితో తాకితే చాలు ఊడి చేతిలోకొచ్చింది, లోపలి వైపు ఊచ అచ్చు పడి ఎర్రగా ఉంది. నాన్న దాన్ని జేబురుమాలులో చుట్టుకుని జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడు మా టీవీ పక్కన ఉంది అది.

వాచ్‌మన్ మంచివాడు. మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండు ట్యాంకర్లట, ఖర్చు 20 ఇళ్లకీ పంచాలి గానీ ఉండేది తొమ్మిది కుటుంబాలే, మిగతావి తాళాలు, కాబట్టి ఆ తొమ్మిది మందే కడతారు. పెద్ద రిపేర్లకి దాచే కార్పస్ ఫండ్ ఉందా అంటే అదేంటి అన్నాడు. పై ఫ్లోర్‌లో బాత్రూమ్ లీకేజీ ఉండేదని, మనం చూసిన ఫ్లాట్ హాల్లో నీళ్లు కారితే "అందుకే సార్ ఆ సీలింగ్ కొట్టించారు" అని అమాయకంగా చెప్పేశాడు పాపం.

పదకొండుకి బ్రోకర్ వచ్చాడు. పైకి వెళ్లాం. ఒక లైట్ పీకి చూస్తామంటే వైరింగ్ పాడవుతుంది, ఓనర్ ఒప్పుకోరు అన్నాడు. బాల్కనీ గ్రిల్‌కి కొత్త పెయింట్, నాన్న బొటనవేలితో నొక్కితే బుడగలా పగిలి కింద తుప్పు. బ్రోకర్ "సముద్రం పక్కన మామూలే సార్" అంటే నాన్న "బాబూ నేను 32 ఏళ్లు ఇనుము చేసే చోట పనిచేశాను, మామూలేదో కాదో నాకు తెలుసు" అన్నారు. కానీ ఆ మాట అన్నాక మళ్లీ బాల్కనీలోనే పావుగంట నిలబడిపోయారు ఆ కొబ్బరి చెట్ల వైపు చూస్తూ. నాకదే బాధగా ఉంది.

స్లాబ్‌లెవెల్

14లో నాలుగు, అది కూడా కింద ఫ్లోర్ కాలమ్స్. రేటు ఎంత తగ్గించినా బిల్డింగ్ మొత్తం కలిసి రిపేర్‌కి ఒప్పుకుంటే తప్ప నేనైతే వద్దంటాను. తొమ్మిది కుటుంబాలు అంటున్నారు, ఒప్పుకోరు. ఆ పెచ్చు పడేయకండి, ఎవరైనా ల్యాబ్‌కి పంపితే క్లోరైడ్ ఎంతుందో తెలుస్తుంది.

చౌక్_కిరాణా_భీమిలి

నాననుకున్న అపార్ట్‌మెంటే అది. మీ నాన్నగారికి ఊరు కావాలంటే ఊరికే కొనీడం ఎందుకు, ఒక ఏడాది అద్దెకి ఉండి సూడమనండి. మా వీధిలోనే ఒక ఇల్లు ఖాళీ ఉంది, పెంకుటిల్లు, రెండు గదులు, ఎనక బావి. బావి నీళ్లు తియ్యగా ఉంటాయి, ఎందుకో మరి ఆ వీధికి ఒక్కదానికే. సముద్రం కనపడదు, ఇనపడుద్ది.

బీచ్‌రోడ్_బుల్లెట్

సరే బ్రో నేను తొందరపడ్డాను. కానీ 38కి వస్తే?

సీతమ్మధార_అబ్బాయి

బుల్లెట్ బ్రో, ఇందాకే ఓనర్ గారు హైదరాబాద్ నుంచి డైరెక్ట్‌గా ఫోన్ చేశారు, 43కి ఇచ్చేస్తామంటున్నారు. హాల్లో సీలింగ్ ఒక్క షీట్ విప్పనిస్తే, ఖర్చు మాదే, మళ్లీ వస్తామండీ అన్నాను. చూసి చెప్తానన్నారు, ఇంకా ఏం చెప్పలేదు.

కిరాణా అన్నయ్యా, ఆ పెంకుటిల్లు గురించి నాన్నకి చదివి వినిపించాను. బావి లోతెంత అని అడుగుతున్నారు.